ఫోటో బొమ్మల టీ షర్టులు: నేత కుటుంబములు తెలిసికొనదగిన విషయములు

(షోలాపురము నుండి ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)



గత రెండు మూడు సంవత్సరములుగా మన యిండ్లలో ఒక క్రొత్త ముచ్చట బయలుదేరినది. పిల్లవాని మొదటి పుట్టినరోజు గాని, తల్లిదండ్రుల షష్టిపూర్తి గాని, యువకుల ఉత్సవ బృందము గాని, ఏ శుభకార్యము వచ్చినను కుటుంబములోని ఒక ఫోటోను బొమ్మగా మార్పించి, ఆ బొమ్మను టీ షర్టులపై వేయించి, అందరును ఒకే తీరుగా ధరించుచున్నారు. ఇదివరలో ఇట్టి బొమ్మ కావలెనన్నచో చిత్రకారుని యొద్దకు పోవలసియుండెను. ఇప్పుడు చేతిలోని ఫోనే చిత్రకారుడైనది. ఫోటోను చూపి, కావలసిన తీరును మాటలలో చెప్పినచో నిమిషములో బొమ్మ సిద్ధమగుచున్నది. దీనినే కృత్రిమ మేధ యనియు, వాడుకలో ఏ.ఐ. యనియు చెప్పుచున్నారు.

మగ్గము మీద బ్రతుకు మనకు ఈ టీ షర్టులతో ఏమి సంబంధమని పెద్దలు కొందరు అడుగుచున్నారు. సంబంధము కలదు. మన పిల్లలలో కొందరు మగ్గము దిగి ఈ ముద్రణ దుకాణములలో పనికి చేరుచున్నారు. మరికొందరు సొంతముగనే దుకాణములు పెట్టుకొనుచున్నారు. మన విక్రయశాలకు వచ్చువారును, "ఇట్టి బొమ్మ మీరు వేయగలరా?" అని అడుగుచున్నారు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: ముద్రించిన గుడ్డను నేసినదని చెప్పి అమ్ముట ఈ సాధనముతో మరింత సులభమగుచున్నది. కాబట్టి ఈ పని యెట్లు జరుగునో, ఇందులో మన కూలి యెక్కడ నున్నదో, మన పేరునకు ముప్పు ఎక్కడ నున్నదో వరుసగా తెలుపుచున్నాను.

ఈ సాధనము ఏమి చేయును?

2022 నవంబరులో ఛాట్‌జీపీటీ అను సాధనము ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. మొదట అది మాటలకు మాటలే బదులు చెప్పెడిది. 2025 మార్చిలో అందులోని బొమ్మలు గీయు ఏర్పాటు బాగుగా మెరుగుపడగా, దేశదేశముల ప్రజలు తమ ఫోటోలను జపాను దేశపు గిబ్లీ స్టూడియో వారి చలనచిత్రముల తీరులో మార్చుకొనసాగిరి. అదే సంవత్సరము ఆగస్టులో గూగుల్ వారు జెమినియందు 'నానో బనానా' అను ముద్దుపేరు గల సాధనమును విడుదల చేసిరి. సెప్టెంబరులో మన దేశమందు ఎందరో ఆడపిల్లలు తమ ఫోటోలను దానికిచ్చి, పాత సినిమా నాయికలవలె చీరె కట్టిన చిత్రములుగా మార్పించుకొనిరి.

ఆ చీరె బొమ్మలను మన నేతవారు చూచినచో కొన్ని లోపములను వెంటనే పట్టుకొందురు. తరచుగా కుచ్చిళ్ల వద్ద అంచు ఉన్నట్టుండి మాయమగును. భుజము మీది బుటా వరుసకును, నడుము వద్ది వరుసకును పొంతన కుదరదు. కొంగు ఎక్కడ మొదలైనదో, ఒడలు ఎక్కడ ముగిసినదో తెలియదు. ఏలయనగా ఈ సాధనమునకు పడుగు తెలియదు, పేక తెలియదు. అది కోట్లకొలది బొమ్మలను చూచి, వాని పోలికలను పట్టుకొని, ఇట్టి చోట ఇట్టి గీత, ఇట్టి రంగు ఉండునని ఊహించి నింపును. ఈ యొక్క సంగతిని మనసులో నుంచుకొన్నచో తక్కినదంతయు తేలికగా బోధపడును. అది గీసిన బొమ్మ యెంత అందముగా నున్నను, అది ఊహయే.

ఫోటో నుండి బొమ్మ వరకు

మొట్టమొదట ఫోటోను గూర్చి చెప్పవలెను. పగటి వెలుతురులో తీసినది, ముఖము పెద్దదిగా కనిపించునది ఎన్నుకొనవలెను. పెండ్లి పందిరిలో నలుబదిమంది నిలుచున్న ఫోటోను ఇచ్చినచో, వెనుక వరుసలోని వారి ముఖములు గోరంత యుండును. అక్కడ సాధనమునకు ముఖము దొరకదు గనుక తానే ఒక ముఖమును కల్పించును. మన మేనమామ నిలిచిన చోట ఎవరో తెలియని పెద్దమనిషి నిలుచుండును. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపినచో అందులోని వివరము తగ్గిపోవును. డాక్యుమెంటుగా పంపినచో చెడక చేరును.

ఇక అడుగవలసిన తీరు. ఈ సాధనములకు తెలుగులో చెప్పినను అర్థమగును. "బాగుగా గీయుము" అన్నచో దాని యిష్టము వచ్చినట్లు గీయును. "ఇద్దరి ముఖములను మార్పకుము. నాలుగు రంగులకు మించవద్దు. నీడలు వద్దు. గట్టి గీతలు కావలెను. వెనుక భాగము ఖాళీగా నుంచుము" అని విడివిడిగా చెప్పినచో మనకు పనికివచ్చు బొమ్మ వచ్చును. గిరాకీదారు చెప్పిన మాటను గ్రాఫు వ్రాయువారికి మనము ఎట్లు విడమరచి చెప్పుదుమో, ఇదియు నట్లే.

బొమ్మ వచ్చిన వెంటనే ముద్రణకు పంపరాదు. ఫోటోను, బొమ్మను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. వ్రేళ్లు లెక్కపెట్టవలెను. ముక్కుపుడక ఏ ప్రక్కన నున్నదో, పుస్తెలు ఉన్నవో లేవో, తాతగారి మీసము ఆయన మీసమేనా, కళ్లజోడు సరిగా నున్నదా యని చూడవలెను. ఈ సాధనములకు ముడుతలను చెరిపి, ముఖమును నునుపు చేయు గుణము కలదు. అరువది యేండ్ల తల్లిని ముప్పది యేండ్ల మనిషిగా చేసి చూపును. చూచినవారు మెచ్చుకొందురు గాని, ఆ ముఖము ఆమెది కాదు. కావున ఇంటి పెద్ద నొకరిని చూపి, "వీరు ఎవరు?" అని అడుగుట మంచిది. తడుముకొనక పేరు చెప్పినచో ఆ బొమ్మ పనికివచ్చును.

తెలుగు అక్షరముల సంగతి

మహారాష్ట్ర, తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలలో స్థిరపడిన మనవారికి ఈ విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పిల్లలలో చాలమంది ఇంట తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. వారి బడి చదువు మరాఠీలోనో, తమిళములోనో, కన్నడములోనో, ఒడియాలోనో సాగినది. ఈ సాధనములు బొమ్మపై తెలుగు అక్షరములు వేసినపుడు తరచుగా తప్పులు పడును. ఒత్తు ఒకచోట, గుణింతము మరియొకచోట పడును. కొన్నియెడల ఏ భాషకును చెందని గీతలు అక్షరములవలె కనిపించును.

మా షోలాపురమున నారళీ పౌర్ణమినాడు మార్కండేయ స్వామి రథోత్సవము జరుగును. 'మార్కండేయ' అను పేరులో రకారము కింద ఒత్తు, సున్న, ఏత్వము వెంటవెంటనే వచ్చును. 'చౌడేశ్వరి' అను పేరులోను ఔత్వము, వకారపు ఒత్తు కలవు. సాధనము ఇట్టి చోటులనే తడబడును. చదువరాని పిల్లలు ఆ గీతలను చూచి తెలుగే యనుకొందురు. కులదైవము పేరు తప్పుగా వేసికొని ఊరేగుట ఎవరికిని గౌరవము కాదు. కాబట్టి బొమ్మను మాత్రమే సాధనముచేత గీయించి, అక్షరములను కంప్యూటరులోని తెలుగు ఫాంటుతో వేరుగా కూర్చి, చదువవచ్చిన పెద్దవారొకరికి చూపి, ఆ పైన ముద్రణకు పంపవలెను. తెలుగు చదువగల ఒక అవ్వయో తాతయో ఆ దుకాణమునకు ఎంత విలువైనవారో అప్పుడు తెలియును.

టీ షర్టుపై ముద్రించు తీరులు

బొమ్మ ఫోనులో బాగుగా కనిపించినంత మాత్రమున గుడ్డపై బాగుగా రాదు. మంచి ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు ఉండవలెనని వాడుక. టీ షర్టు ముందు భాగమున 12 అంగుళముల వెడల్పు, 16 అంగుళముల పొడవు బొమ్మ కావలెనన్నచో అడ్డముగా 3,600, నిలువుగా 4,800 చుక్కలు ఉండవలెను. సాధనములు ఇచ్చు బొమ్మలు పలుమారు 1,024 చుక్కల వెడల్పునకు అటునిటుగా నుండును. అది ఆ లెక్కన మూడున్నర అంగుళములకు మాత్రమే సరిపోవును. అట్టి దానిని సాగదీసి వేసినచో అంచులు మసకబారును. పెద్దది చేయుటకు వేరు సాధనములు కలవు గాని, అవియు లేని వివరమును ఊహించియే నింపును. పెద్దది చేసిన పిదప ముఖమును మరల సరిచూడవలెను.

ముద్రణ నాలుగు విధములుగా జరుగుచున్నది. మొదటిది స్క్రీను ముద్రణ. రంగునకొక స్క్రీను కావలెను. రంగులు తక్కువగా నుండి, షర్టులు ఎక్కువగా నున్నపుడు ఇది చవుక. సరిగా వేసినచో చాలకాలము నిలుచును. రెండవది, యంత్రము సిరాను నేరుగా గుడ్డపై చిమ్మునది. నూలు గుడ్డకు తగినది, గుడ్డ మెత్తదనము చెడదు. మూడవది డీ.టీ.ఎఫ్. అనునది. బొమ్మను పలుచని ఫిల్ముపై ముద్రించి, జిగురుపొడి చల్లి, వేడి ప్రెస్సుతో గుడ్డకు అతికింతురు. ఒకటి రెండు షర్టులు కావలసినవారికి అనుకూలము. కాని బొమ్మ ఉన్నంతమేర పొర కట్టినట్లుండి, ఎండకాలమున గాలి ఆడదు. నాలుగవది సబ్లిమేషన్. ఇది పాలిస్టరు గుడ్డకు, అందునను లేత రంగు గుడ్డకే పట్టును. నూలు షర్టుపై వేసినచో ఉతుకుతో పోవును. గిరాకీదారుకు ఈ భేదమును ముందే చెప్పని దుకాణదారుడు పిదప మాటపడవలసి వచ్చును.

రంగు విషయము కూడ గమనింపవలెను. ఫోను వెలుతురుతో రంగు చూపును. గుడ్డపై సిరాతో రంగు వచ్చును. ఫోనులో మెరసిన ఆకుపచ్చ, నీలము గుడ్డపై కొంత మందగించును. అద్దకపు తొట్టిలో నూలు తడిగా నున్నపుడొక రంగు, ఆరిన పిదప మరియొక రంగు ఉండుట ఎరిగిన మనకు ఇది వింతకాదు. నల్లని షర్టుపై వేయునపుడు బొమ్మకు అడుగున తెల్లని పూత వేయవలెను. లేకున్న రంగులు నల్లదనములో మునిగిపోవును. ఒక షర్టు ముందుగా వేయించి, ఉతికి ఆరవేసి చూచిన పిదపనే తక్కినవాటికి ఆజ్ఞ ఇచ్చుట క్షేమము.

టీ షర్టు మన గుడ్డ కాదు

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. టీ షర్టు అల్లిక గుడ్డ. ఒకే దారము ముడిలో ముడిగా అల్లుకొని పోవును గనుకనే అది సాగును. తమిళనాడులోని తిరుప్పూరు ఈ అల్లిక పరిశ్రమకు పేరుపొందినది. మనది నేత గుడ్డ. పడుగు నిలువుగా సాగి, పేక అడ్డముగా నడచి, రెండును ఒకదానిపై నొకటి ఎక్కి దిగుటవలన అయినది. కావున టీ షర్టుపై ఎంత అందమైన బొమ్మ వేసినను అది చేనేత కాజాలదు. 2006 జూనులో ప్రారంభమైన చేనేత మార్కు గాని, 2015 ఆగస్టు 7న ప్రారంభమైన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు గాని దానికి తగిలించుటకు వీలులేదు.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చెననగా, మా సంఘమునకు వచ్చిన ఒక వర్తకుడు ఒక బేరము తెచ్చెను. మన కొంగు నమూనాను ఫోటో తీసి, కృత్రిమ మేధచేత టీ షర్టుకు తగినట్లు మార్పించి, దానిపై మన సంఘము పేరు వేసి, 'చేనేత టీ షర్టు' అని అమ్ముదమనెను. సంఘమునకు షర్టుకింత యని ఇచ్చెదననెను. పాలకవర్గము దానిని త్రోసివేసినది. డబ్బు చేదని కాదు. కొంగు నమూనా ఫోటో ఒకసారి అట్లు బయటికి పోయినచో, రేపు అదే బొమ్మను యంత్రపు చీరెపై ముద్రించి మన చీరె ధరలో నాలుగవ వంతుకు అమ్ముదురు. పోచంపల్లి ఇక్కత్ కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినను, ముద్రించిన నకళ్లు బజారులో నేటికిని కనిపించుచునే యున్నవి. పోగుకు రంగు కట్టి నేసినదానిని, గుడ్డపై ముద్రించినదానిని వేరుచేసి చూడగలవారు కొనువారిలో ఎందరు? పూర్వము నకలు తీయుటకు కనీసము ఒక చిత్రకారుడు కూర్చుండి గీయవలసియుండెను. ఇప్పుడు ఒక ఫోటో చాలును.

2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము నేతవారును, అనుబంధ పనివారును కలిసి 35 లక్షలకు పైగా ఈ వృత్తిపై నున్నారు. వారందరి కూలియు 'చేనేత' అను మాటపై కొనువానికి గల నమ్మకముమీదనే నిలిచియున్నది. ఆ మాటను ముద్రించిన అల్లిక గుడ్డపై వాడినచో ఆ నమ్మకమునకు మనమే గండి కొట్టినవారమగుదుము. టీ షర్టు అమ్ముట తప్పు కాదు. బిల్లుపై 'ముద్రించిన అల్లిక గుడ్డ' అని వ్రాసి అమ్మినచో ఎవరికిని నష్టము లేదు.

అదే బొమ్మ మగ్గము మీదికి వచ్చునా?

మన యువకులు అడుగు ప్రశ్న యిది. వచ్చును, కాని వచ్చిన తీరుననే రాదు. 1839లో ఫ్రాన్సు దేశపు లియోను నగరమున జకార్డు మగ్గమును కనిపెట్టిన జకార్డుగారి చిత్రమునే పట్టుతో నేసిరి. ఆ యొక్క బొమ్మకు 24,000 అట్టలు పట్టెను. నేసిన ముఖము గీసిన ముఖమువలె కనిపించుటకు ఎంత శ్రమ కావలెనో దీనివలన తెలియును.

మన మగ్గముపై లెక్క చూతము. 240 హుక్కుల జకార్డు కలదనుకొనుడు. అంగుళమునకు 60 పడుగు పోగులు ఉన్నచో 4 అంగుళముల వెడల్పు బొమ్మ వచ్చును. అంగుళమునకు బొమ్మ పేకలు 40 అనుకొన్నచో 4 అంగుళముల పొడవునకు 160 పేకలు, అనగా 160 అట్టలు. గ్రాఫు కాగితముపై అడ్డము 240, నిలువు 160 గడులు, మొత్తము 38,400. ఇంతకుముందు చెప్పిన టీ షర్టు ముద్రణలో చుక్కల సంఖ్య 1,72,80,000. సాధనము ఇచ్చిన బొమ్మలోని నాలుగు చుక్కల వరుసలు మన గ్రాఫులో ఒక్క గడి వరుసలోనికి దిగవలెను. రంగు పెరిగినకొలది అట్టలును పెరుగును: రెండు రంగుల బొమ్మకు 320 అట్టలు కావలెను. సాధనము చదరపు గడులనే లెక్కలోనికి తీసికొని 240 పేకల బొమ్మ ఇచ్చినచో, మన మగ్గముపై దాని పొడవు 6 అంగుళములగును. గుండ్రని ముఖము దోసకాయవలె సాగును.

ఇక పోగుల కట్టు. మా సంఘమున గ్రాఫు వ్రాయు పెద్దాయన ఒకరున్నారు. ఆయన మనుమరాలు కళాశాలలో చదువుచు, ఫోనులో ఈ బొమ్మలు చేయుట నేర్చుకొన్నది. రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచున్న తన అవ్వ ఫోటోను అందమైన బొమ్మగా మార్చి తాతకు చూపినది. ఆయన చాలసేపు చూచి, "బొమ్మ మంచిగున్నది బిడ్డా. గాని ఈ పోగు యాడ దిగుతది?" అనెను.

"తాతా, అది బొమ్మ. అందుల పోగులు లేవు" అనెను ఆ పిల్ల.

"మరి నేసేటోనికి పోగులే గావాలె గద."

ఆయన అడిగినది అవ్వ చీరె మీద ఒకే రంగుతో నింపిన పెద్ద మడతను గూర్చి. ఆ మేర పేక ఎక్కడను దిగక తేలియుండును. 60 పోగుల గుడ్డలో పేక 15 పోగులపై దిగక పోయినచో పావు అంగుళము తేలినట్లే. గాజో, ఉంగరమో తగిలి లాగినచో గుడ్డ చెడును. కావున ఆ రంగు మేరలో నడుమనడుమ కట్టు వేయవలెను. ఆ కట్టు కూడ ఒకే వరుసలో పడినచో గీతవలె కనిపించి బొమ్మను పాడుచేయును గనుక, చెదరగొట్టి వేయవలెను. అంతేగాక, మనిషి అంతయు 4 అంగుళములలో నిముడవలెనన్నచో ముఖమునకు వచ్చునది 30 పోగులు; కన్నునకు వచ్చునది నాలుగైదు. నాలుగైదు పోగులతో కన్ను గీయలేము.

తాత మనుమరాలు కలిసి రెండు సాయంత్రములు కూర్చుండిరి. ముఖములోని వివరమును వదలివేసిరి. వంగిన వీపు, రాట్నపు చక్రము, చాచిన చేయి, ఈ మూడిటిని మాత్రమే ఉంచిరి. ఆ పిల్ల ఫోనులో వివరము తగ్గించి తగ్గించి పది రకములుగా చేయించి చూపగా, ఆయన అందులో నొకటి ఎన్నుకొని, కట్టు వేసి గ్రాఫు వ్రాసెను. ముఖము లేకున్నను ఆ నేసిన ముక్కను చూచిన మా వాడలోని వారందరును, "అవ్వ కూసున్నట్టే ఉన్నది" అనిరి. పది రకములు గీయుటకు పూర్వము వారము పట్టియుండును. అది సాధనము చేసిన ఉపకారము. పదింటిలో ఏది మగ్గమెక్కునో చెప్పుట మాత్రము చేయి తిరిగిన మనిషి పని.

నేసిన జేబు

దీనినుండి మాకు తోచిన ఉపాయము నొకదానిని సభ్యుల ముందుంచుచున్నాను. టీ షర్టు నిండ ముద్రణకు బదులు, రొమ్ముపై మన మగ్గమున నేసిన జేబుముక్కను కుట్టించుట. 48 అంగుళముల వెడల్పు గుడ్డలో అంగుళమునకు 60 చొప్పున 2,880 పోగులు. 240 హుక్కులకు సూటిగా తిరిగి తిరిగి కట్టినచో ఒకే వరుసలో 12 బొమ్మలు వచ్చును. అనగా 160 అట్టలతో ఒక్క విడతలో 12 జేబులు. మూడు విడతలలో 36. ఉత్సవ బృందములకు, పెండ్లివారికి, బడి పిల్లలకు ఒకే బొమ్మ అనేకములు కావలెను గనుక ఇది సరిపడును. ఒక్కరి కొరకు ఒక్కటి కావలెనన్నచో అట్టల ఖర్చు గిట్టదు. అట్టివారికి ముద్రణయే మేలని చెప్పి పంపవలెను.

బొమ్మను 3 అంగుళములకు మించనీయక చుట్టును కుట్టుకు చోటుంచవలెను. వెనుక తేలిన పోగులను కత్తిరించునపుడు బొమ్మ అంచున కట్టు గట్టిగా నుండవలెను. జేబునకు వాడు నూలును ముందే తడిపి ముడిచిపోనిచ్చి, రంగు దిగునేమో చూచుకొనవలెను. లేకున్న తొలి ఉతుకుతోనే అల్లిక గుడ్డపై ముడుతలు పడును, తెల్లని షర్టు పాడగును. బిల్లుపై 'అల్లిక షర్టు, చేనేత జేబు' అని రెండును విడిగా వ్రాయవలెను. గ్రాఫునకు సహాయము కావలసిన సంఘములు తమకు దగ్గరనున్న ప్రభుత్వ నేతగాండ్ర సేవా కేంద్రమును అడుగవచ్చును. కాంచీపురము, సేలము, బెంగుళూరు, ముంబయి, భువనేశ్వరములలో అట్టి కేంద్రములు కలవు.

అనుమతులు, జాగ్రత్తలు

ఫోటో ఎవరిదో ముందు తెలిసికొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోపై హక్కు తీయించుకొన్నవారిది. ఇతరులు తమంతట తాము తీసిన ఫోటోపై హక్కు తీసినవారిది. సినిమా నటుల ముఖములు వేసి అమ్ముట మరింత ప్రమాదము. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జునగారి పేరును, రూపమును అనుమతి లేకుండ వాడరాదని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు నిచ్చినది. అభిమానముతో ఒకరు వేసికొనుట వేరు, వంద వేసి అమ్ముట వేరు.

ఆడపిల్లల, చిన్న పిల్లల ఫోటోలను ఊరుపేరు లేని యాప్‌లకు ఇయ్యరాదు. ఇంటివారి అంగీకారము లేనిదే ఏ సాధనమునకును ఇయ్యరాదు. పని ముగిసిన వెంటనే దుకాణపు ఫోనులోని ఫోటోలను తీసివేయవలెను. 2023లో వ్యక్తుల వివరముల రక్షణకై చట్టము వచ్చినది. చట్టము మాట యెట్లున్నను, నమ్మి ఇచ్చిన ఫోటో ఇంటి గుట్టు వంటిది. గతించినవారి బొమ్మలు వేయునపుడు ఆ కుటుంబమునందరిని అడుగుట మర్యాద.

మనము క్రొత్తగా కల్పించిన నమూనాను 2000 నాటి డిజైనుల చట్టము కింద నమోదు చేసికొన్నచో 10 సంవత్సరములు, పొడిగించుకొన్నచో మరి 5 సంవత్సరములు రక్షణ కలదు. కాని నమోదునకు ముందే దానిని వాట్సాప్ గుంపులలోను, ఫేస్‌బుక్‌లోను పెట్టినచో క్రొత్తదనము పోయి హక్కు దక్కకపోవచ్చును. ముందు దరఖాస్తు, ఆ తరువాత ప్రదర్శన.

సంఘములకు మనవి

ఒకటి: ప్రతి సంఘమును గ్రాఫు తెలిసిన పెద్దవారొకరిని, ఫోను తెలిసిన యువకుడినో యువతినో జతగా కూర్చవలెను. ఒకరు లేక రెండవవారి పని చెల్లదు. రెండు: బొమ్మ సవరించిన కూలిని గుడ్డ ధరలో కలిపి మరుగుపరచక, బిల్లుపై వేరు పద్దుగా వ్రాసి, ఆ పని చేసినవారికే ఇయ్యవలెను. సాధనము ఉచితముగా గీయునని గిరాకీదారు వాదించినచో, గీసిన దానికి కాదు, ఎన్నుకొని కట్టు వేసినందుకు తీసికొనుచున్నామని చెప్పవలెను. మూడు: ముద్రణ, అల్లిక, చేనేత అను మూడు మాటలను బిల్లులపైనను, బోర్డులపైనను కలగాపులగము చేయరాదు. నాలుగు: ఫోటో ఇచ్చినవారి అంగీకారమును ఆర్డరు పుస్తకములో సంతకముతో తీసికొనవలెను.

ఈ దసరాలోపల మా సంఘము మూడు విడతల జేబులు నేసి చూడ నిశ్చయించినది. నూలు, అట్టలు, కుట్టుకూలి, అమ్మిన వెల, మిగిలినది లేక తగ్గినది, అంతయు ఈ పత్రికలోనే లెక్కతో ప్రకటింతుము. సేలము, బరంపురము, మొలకాల్మూరు, భివండి, యానాము మొదలగు చోట్ల ఇట్టి ప్రయత్నము చేసిన సభ్యులు తమ గ్రాఫు నకలును, ఖర్చు వివరమును పత్రిక చిరునామాకు పంపినచో, లాభనష్టములు పదిమందికి తెలియును.